టోల్ గేటు నుంచి పిలిచిన పిలుపు

మా అత్తను కాటికి తీసుకెళ్తున్న వేళ నేను క్లాంగ్ దగ్గర ఒక టోల్ ఆఫీసు ముందు నిలబడి, ముక్కూ ముఖం తెలియని ఆవిడతో పోట్లాడుతున్నాను. ఆ పోట్లాటలో తప్పంతా నాదే. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని మా ఆయన ఎప్పుడూ అంటుంటాడు. ఆ రోజు కుందేలుకి ఒక్క కాలు కూడా మిగల్లేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. తమ్ముడు పుట్టిన పదో రోజున అమ్మ పోతే, మా ఇద్దర్నీ పెంచింది ఆవిడే. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మలేషియాలో కువాలా సెలంగోర్ దగ్గర రబ్బరు ఎస్టేటులో, పాలు గీయడానికి వెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునే కొట్టంలో ఆయాగా చేసేది. పగలంతా ముప్పైమంది పిల్లలతో తమిళంలో అరిచి అరిచి, సాయంత్రం ఇంటికొచ్చి నాతో తెలుగులో మాట్లాడితేగానీ ఆవిడకి అలుపు తీరేది కాదు. ఆ తెలుగు చివర కూడా ఇక్కడివాళ్ళందరి ఊతపదం 'లా' వచ్చి చేరేది. తమ్ముడు ఆ తమిళంలోనే పెరిగాడు. అత్త తెలుగులో అడిగితే వాడు తమిళంలో జవాబిచ్చేవాడు. వాడికి అంతా అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు. తరవాత తమిళ పిల్లనే చేసుకున్నాడు. వాడి పిల్లలకి ఆ అర్థమవడం కూడా లేదు.

ఎస్టేటు అమ్మేశాక అత్త తమ్ముడి ఇంట్లోనే ఉండేది. నేను పెళ్ళయిన కొన్నేళ్ళకి టీచరుద్యోగంతో సబా వెళ్ళిపోయాను. అది సముద్రం అవతల ఉన్న రాష్ట్రం, విమానంలో రెండున్నర గంటలు. ఏడాదికోసారి వచ్చేదాన్ని. చివరిసారి వచ్చినప్పుడు అత్త వెనక వాకిట్లో పీటేసుకుని రొయ్యలు ఒలుస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"నాను పోతే దింపుడు కళ్ళం కాడ నువ్వే పిలవాల."

"ఇప్పుడా మాటలెందుకత్తా? తమ్ముడున్నాడు కదా."

"ఆడా? ఆడు తమిళంలో పిలుత్తాడు. పక్కింటోలని పిలుత్తన్నాడనుకొని పడుకుండిపోతాను లా."

"నేను తెలుగులో పిలిస్తే నెగుత్తావేటి?"

"నెగుత్తానో నేదో తరవాత సంగతి. ముందు నువ్వు పిలు."

పోయాక లేవడమన్న మాటకి ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆవిడ హాస్యానికి అనలేదని నాకు తెలుసు.

దింపుడు కళ్ళం అంటే ఏమిటో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. పాడెను సగం దారిలో దించి, దగ్గరి మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా దాక్కుని ఉంటే పలుకుతుందని ఆశ. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా ముత్తాతలు పెద్దగా ఏమీ తెచ్చుకోలేదు గానీ, దీన్ని మాత్రం తెచ్చారు. చుట్టుపక్కల తమిళుల ఇళ్ళలో ఈ ఆనవాయితీ చూడలేదు. ఎస్టేటు రోజుల్లో రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగకొట్టం దగ్గర దించేవాళ్ళు. ఇప్పుడు ఆ కొట్టమూ లేదు, భుజాల మీద మోసేవాళ్ళూ లేరు. శవపెట్టెను వ్యానులో తీసుకెళ్ళి, కూడలిలో టైర్ల కొట్టు ముందు ఆపుతారు. హెచ్చరిక దీపాలు టకటకమంటూ వెలిగి ఆరుతుంటే, మూత తీసి పిలిచి, మళ్ళీ మూసి వెళ్ళిపోతారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు అంతవరకే వెళ్ళి వెనక్కి తిరుగుతారు.

తెల్లవారుజామున తమ్ముడి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందన్నాడు. దహనానికి మధ్యాహ్నం రెండింటికి వేళ దొరికింది, ఒకటింపావుకి కూడలి దగ్గర ఉంటాం, వచ్చేయగలవా అని తమిళంలో అడిగాడు. వచ్చేస్తానన్నాను. బట్టలు సంచిలో కుక్కుకుంటూ, సొరుగులో ఉన్న టోల్ డబ్బాను కూడా వేసుకున్నాను. అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం అది. అందులో కార్డు దూర్చి కారు అద్దం దగ్గర పట్టుకుంటే గేటు లేస్తుంది. సబాలో టోల్ గేట్లు లేవు. అక్కడ ఆ కార్డును పార్కింగుకే వాడతాం. డబ్బా మాత్రం మేం ఇటువైపు కాపురం ఉన్న రోజుల నుంచీ సొరుగులోనే పడి ఉంది. మీట నొక్కితే సన్నగా కుయ్యిమంది. చాలనుకున్నాను. అంత దుఃఖంలోనూ ముందుచూపు ఉందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

విమానాశ్రయంలో కారు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర ఒక అమ్మాయి తాళాలు ఇస్తూ, కారుకి టోల్ స్టిక్కరు అతికించే ఉంది, గేట్లు వాటంతటవే లేస్తాయి, ఆ లెక్క తిరిగొచ్చాక చూసుకుందాం అని చెప్పింది. అక్కర్లేదు, నా కార్డు నాకుంది అన్నాను. ఆ అమ్మాయి మళ్ళీ ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. అద్దె కార్లవాళ్ళంటే నాకు ముందునుంచీ గిట్టదు, తిరిగొచ్చాక చూసే లెక్కలంటే అసలే గిట్టదు. కాగితం మీద సంతకం గీకి వచ్చేశాను. అప్పటికి పదకొండున్నర దాటింది.

విమానాశ్రయం దాటాక వచ్చిన మొదటి టోల్‌లో నేను డబ్బాను పూర్తిగా ఎత్తకముందే గేటు లేచింది. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళు సొరుగులో ఉన్నా ఎంత చురుగ్గా ఉందో అనుకున్నాను. నిజానికి ఆ డబ్బాలో బ్యాటరీ ఇంట్లో కుయ్యిమన్నప్పుడే చివరి ఊపిరి వదిలినట్టుంది. ఆ వరస రెంటికీ పనిచేసేది, గేటును లేపింది కారు స్టిక్కరు. మా రహదారుల్లో ఎక్కే చోట ఒకసారి, దిగే చోట ఒకసారి గుర్తు పడుతుంది. దేనితో ఎక్కితే దానితోనే దిగాలి. నేను స్టిక్కరుతో ఎక్కి, డబ్బాతో దిగబోతున్నాను. ఆ సంగతి నాకు తెలియదు.

దారి పొడుగునా వాన. పన్నెండున్నరకి క్లాంగ్ దగ్గర దిగే గేటుకి వచ్చాను. అక్కణ్ణించి కూడలికి ముప్పావుగంట, వేళకి అందుకుంటాను. స్టిక్కర్లు చదవని, డబ్బాలకని వేరుగా పెట్టిన వరసలోకి ధైర్యంగా దూరాను. గేటు లేవలేదు. డబ్బాను అద్దానికి ఆనించాను, తిప్పాను, దులిపాను. కార్డు తీసి తుడిచి మళ్ళీ దూర్చాను. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక ఉద్యోగిని గొడుగు వేసుకుని వచ్చింది. నా వయసే ఉంటుంది, మలాయ్ ఆవిడ. వెనక కార్లను ఒక్కొక్కటే వెనక్కి పంపించి, నా కారును పక్కనున్న ఆఫీసు ముందు పెట్టించింది. దానికే పావుగంట పట్టింది.

ఆవిడ నా కార్డును చేతి యంత్రం మీద పెట్టి చూసి, ఈ కార్డుతో మీరు ఎక్కడా లోపలికి రాలేదు, కక్ అంది. కక్ అంటే అక్క. ఎంత మర్యాదగా అందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"దీనితోనే వచ్చాను" అన్నాను.

"వేరే కార్డేమైనా ఉందేమో, చూసుకోండి."

"నాకున్నది ఒక్కటే కార్డు. మీ యంత్రమే పాడైంది."

ఆవిడ కారు చుట్టూ ఒకసారి చూసి, ఇది మీ కారేనా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి అద్దె కారు అని జవాబు చెప్పి ఉంటే పని అయిపోయేది. కానీ నాకు అందులో దొంగ అన్న మాట వినిపించింది. నా కారు కాకపోతే ఎత్తుకొచ్చానా అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. లోపలికి వెళ్ళి పెద్ద ఉద్యోగికి ఫోను చేసింది. నేను గుమ్మంలో నిలబడి, గడియారం చూసుకుంటూ గొణుగుతున్నాను. ఆవిడ తిరిగొచ్చి, అంత తొందరగా ఎక్కడికి వెళ్ళాలి అని అడిగింది.

చుట్టాలింటికి అన్నాను.

ఎందుకలా అన్నానంటే, చావింటికి వెళ్తూ ఆ మాట దారిలో ఎవరికీ చెప్పకూడదు. మా ఇంట్లో అది గట్టి నియమం. చెబితే విన్నవాళ్ళకి కీడు, చెప్పినవాళ్ళకి దారి కలిసిరాదు. అత్త ఎన్నో చావులకి నన్ను బస్సులో తీసుకెళ్ళింది. కండక్టరు అడిగినా బజారుకి అనేది. ఆవిడ నేర్పిన అలవాటే ఆవిడ చావు రోజున నా నోరు మూసింది. చుట్టాలింటికి వెళ్ళే మనిషి పావుగంట ఆగితే కొంప మునిగిపోదని ఎవరైనా అనుకుంటారు. ఆవిడా అలాగే అనుకుంది. కూర్చోండి కక్, పెద్దాయన వస్తున్నాడు అని కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. ఆయన వచ్చాడు, అవే ప్రశ్నలు వేశాడు, నేను అవే జవాబులు చెప్పాను. ఏ గేటు దగ్గర ఎక్కావో రుజువు చూపించమన్నాడు. ఆయనతో కూడా గొడవ పెట్టుకున్నాను.

ఒకటీ ఇరవైకి తమ్ముడు ఫోను చేశాడు.

పెట్టె దించాం, ఎక్కడున్నావక్కా అన్నాడు. టోల్ గేటు దగ్గర అన్నాను. ఇంకా ఎంతసేపు అన్నాడు. ముప్పావుగంట అన్నాను. వెనకాల వ్యాను డ్రైవరు, ఇక్కడెందుకయ్యా ఇంతసేపు, వేళ దాటితే లోపలికి రానివ్వరు అని తమిళంలో విసుక్కోవడం వినిపించింది. తమ్ముడు ఆయన్ని బతిమాలుకున్నాడు. తరవాత నాతో, ఫోన్లోనే పిలువక్కా, చెవి దగ్గర పెడతాను అన్నాడు.

నేను వానలోకి వచ్చేశాను. ఆ ఆఫీసులో, ఆ కుర్చీల మధ్య నిలబడి అత్తను పిలవడం నాకు చేతకాలేదు. బయట ఓడరేవు నుంచి వచ్చే కంటైనర్ లారీలు వరసగా గేటు దాటుతున్నాయి. ఒక చెవి మూసుకున్నాను. ఫోన్లో బట్టలు రాసుకున్న చప్పుడయింది, తరవాత అది కూడా ఆగిపోయింది. అంటే ఫోను ఆవిడ చెవి దగ్గర ఉందన్నమాట.

"అత్తా" అన్నాను.

రెండోసారి గట్టిగా, "అత్తా, నానొచ్చినాను" అన్నాను. అబద్ధం. ఆవిడతో ఆఖరుగా మాట్లాడిన మాటల్లో ఒకటి అబద్ధం. మూడోసారి "అత్తా, నెగు" అని అరిచాను. సరిగ్గా అప్పుడే నా పక్కన లారీవాడు, ఎవరి మీద కోపమో, హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. అది ఆగేసరికి ఫోను కట్టయిపోయి ఉంది.

వెనక్కి తిరిగితే ఆ ఉద్యోగిని నా మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. తెలుగు ఆవిడకి ఏం తెలుస్తుంది? కానీ అంతా తెలిసినట్టే ఉంది.

"ఎవరు పోయారు?"

"మా అమ్మ" అన్నాను. అది అబద్ధం కాదు.

"ముందే ఎందుకు చెప్పలేదు, కక్? చెప్పి ఉంటే గేటు ఎత్తేసేదాన్ని."

అప్పుడు చెప్పాను, అద్దె కారని, విమానం దిగి వచ్చానని. ఆవిడ వంగి అద్దం మీది స్టిక్కరు చూసింది. ఇంకెవరైనా అయితే ఒక మాటైనా అనేవాళ్ళు. ఆవిడ ముందుకి నడిచి, తన చేత్తోనే గేటు ఎత్తింది. రెండు నిమిషాల పని. నేను క్షమించమని కూడా అడగకుండా కారు పోనిచ్చాను.

కూడలికి చేరేసరికి టైర్ల కొట్టు ముందు ఎవరూ లేరు. తడి రోడ్డు మీద బంతిపూల రేకులు, కాసిని మరమరాలు. ఆడవాళ్ళు అక్కణ్ణించి వెనక్కి తిరగాలి. నేను తిరగలేదు. శ్మశానానికే పోనిచ్చాను. లోపల కొలిమి తలుపు మూసేశారు. తమ్ముడు బయట అరుగు మీద, తడి పంచెతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. పక్కన కూర్చున్నాను. వాడు తెలుగులో మాట్లాడాడు. నలభై రెండేళ్ళలో వాడు నాతో ఇన్ని తెలుగు మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు.

"రెండే ఇనిపించినాయి, అక్కా. మూడోది లారీ సప్పుడు."

నేను తల వంచుకున్నాను.

"మూడు కావాల కదా. అత్త సెప్పినాది కదా, తెలుగులో అని. అందికే నానే పిలిసినాను."

"ఏటని పిలిసినావు?"

వాడు మాటలు వెతుక్కున్నాడు.

"నాకు మాట తట్టనేదు. 'అక్క వత్తంది, ఉండత్తా' అన్నాను."

"తరవాత?"

"తరవాత ఏటి లా. టయిం అయిపోనాది. ఉండమని సెప్పి, మూత ఎట్టేసినాం."