పచ్చరంగు కుర్చీ

మదనపల్లెలో టీచరుగా పనిచేసే కూతురు మునీశ్వరి ఇంట్లో కూడా మునెప్ప గోడవారనే కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని తింటాడు. భుజం మీది తువ్వాలు ఏనాడూ దిగదు. మునీశ్వరి పుంగనూరు పాతసామాన్ల అంగట్లో ఒకదానికొకటి పొంతన లేని నాలుగు టేకు కుర్చీలు కొని, ఒక్కోదానికి ఒక్కో రంగేసి, డైనింగ్ టేబుల్ చుట్టూ వేసింది.

“ఈడ కూర్చో నాయనా,” అని పచ్చరంగు కుర్చీ లాగింది. మునెప్ప కూర్చోలేదు. వంగి, చేతిపట్టె అడుగున ఉన్న పగులు తడిమినాడు. ఊర్లో మేడింటి దొర దగ్గర జీతగాడుగా ఉన్న ఇరవై ఏండ్లూ తాను రోజూ తుడిచిన ఆ దొర కుర్చీ అది. “యాల నాయనా, రంగు బాగలేదా?” “బాగుండాదిమ్మా,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా. “అయితే కూర్చో. అన్నం చల్లారిపోతాండాది.” మునెప్ప తువ్వాలు తీసి కుర్చీ అంతా తుడిచినాడు. తుడిచి, చేతులు కట్టుకుని, దాని వెనక నిలబడినాడు.