కారును తొక్కిన నిమ్మకాయ

అందరి కార్లు నిమ్మకాయను తొక్కుతయ్. నా కారునేమో నిమ్మకాయ తొక్కింది. నవ్వకుండ్రి, ముందుగాల ఇనుండ్రి. ఇన్నంక నవ్వినా నేనేం అనుకోను. మా వాడకట్టంత నవ్వింది, మీరెంత!

అప్పుడు నాకు పంతొమ్మిదేండ్లు. అత్తగారిల్లు హుజూరాబాద్ పక్కన పల్లె. పెండ్లయిన ఇరవై రెండో దినానికే మా ఆయన దుబాయ్ పోయిండు. గా ఇరవై రెండు దినాలు కూడ సుట్టాల ఇండ్లు తిరుగుడు, వాళ్లు పెట్టింది తినుడు, కాళ్లు మొక్కుడు. ఆయన నాతోని సక్కగ పది మాటలు మాట్లాడలే. ఒక్కసారి మాత్రం "చాయ్ల చక్కెర ఎక్కువైంది" అన్నడు. ఏడాదంత గా మాటనే యాది చేసుకుంట బతికిన.

ఏడాదైనంక మా ఊరాయన ఒకాయన సెలవుల వచ్చుకుంట ఓ డబ్బా, ఓ క్యాసెట్ తెచ్చిచ్చిండు. క్యాసెట్ టేపుల ఏసిన. మా ఆయన గొంతు.

"డబ్బాల పాతకాలం బొమ్మ కారు ఉన్నది. ముక్కలు ముక్కలుగ ఉంటది, అతికిచ్చి రంగు ఏసుకోవాలె. నువ్వు ముట్టకు. నాలుగు నెలల్ల వస్త, ఇద్దరం కూసోని చేద్దాం. నీతోని ఏం మాట్లాడాల్నో అప్పుడు నాకు తెల్వలే. చేతిల పనుంటే మాటలు అవే వస్తయ్."

గా ఆఖరి మాటను ఎనకకు తిప్పి తిప్పి ఇన్న. రీలు సాగి సాగి, ఆయన గొంతు ముసలి దున్నపోతు గొంతయింది. అయినా ఇన్న.

డబ్బా మీద కారు బొమ్మ చూడాలె మీరు! కప్ప కండ్ల లెక్క దీపాలు, సైకిల్ చక్రాల లెక్క సన్న పుల్లల చక్రాలు. సెల్ఫ్ మీద పెట్టి దినాం తుడిచిన. దేవుని పటం ఎప్పుడన్న మర్చిపోయిన గని డబ్బాను మర్చిపోలే.

నాలుగో నెల ఇంకో క్యాసెట్ వచ్చింది. "సెలవు ఇయ్యలే. ఇంక ఆర్నెల్లు పడ్తది."

ఆ దినం అత్తమ్మ చేనుకు పోయింది. ఇంట్ల నేను, కోడి, డబ్బా. కోడి కూడ ఎటో పోయింది. ఇగ డబ్బాతోనే పంచాయితి పెట్టుకున్న. "నువ్వొచ్చినవ్, ఆయనెందుకు రాలే?" అని అడిగిన. అది ఏం చెప్పలే. నాకు కోపమొచ్చి డబ్బాకు కట్టిన దారం తెంపిన.

లోపట ముక్కలన్ని పుల్లలకు చింతకాయల లెక్క వేలాడుతున్నయ్. అతికిచ్చేటి చిన్న గోందు గొట్టం, గురిగింజంత ఎర్ర రంగు డబ్బి. కాగితమంత ఇంగ్లీషు. నేను సదివింది ఏడో తరగతి. గని అంకెలు వస్తయ్ కదా! ఒకటికి రెండు, రెండుకు మూడు అతికిచ్చుకుంట పోయిన. దీపాలు బియ్యం గింజంత. తుమ్మొస్తే వాకిట్లకు ఉరికి తుమ్మి వచ్చేదాన్ని.

అత్తమ్మ రానే వచ్చింది. "ఓ పిల్లా, వాడు ముట్టకన్నడు కదనే?"

"జరంత చేసి ఆపుత అత్తమ్మా."

"నువ్వా ఆపేది? బతుకమ్మ పేర్వ కూసుంటే నడుమ బువ్వకు కూడ లేవవు."

నిజమే. ఎనిమిది దినాలు లేవలే. చక్రాలు ఊడుతయేమోనని ఉన్న గోందంత వాటికే పెట్టిన. ఎర్ర రంగు ఏసిన. ముందు సీట్ల రెండు కంది గింజలు కూసోవెట్టిన, ఒకటి ఆయన, ఒకటి నేను. "చక్కెర సరిపోయిందా?" అని గింజను అడిగేదాన్ని. మీతోని దాచుడెందుకు, పెండ్లయినంక నేను ఏడ్వకుండ ఉన్నది గా ఎనిమిది దినాలే.

ఆడ ఆగితే ఎంత మంచిగుండు! గని మా దిక్కు పాత సైకిల్ కొన్నా పూజ చేయంది తొక్కరు. మరి దుబాయ్ కారాయె! పక్కింటి లచ్చవ్వను పిలిచిన. కారు ముందట పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపువ్వు పెట్టిన. పువ్వు కింద కారు కనవడుత లేదు. కొబ్బరికాయ కొట్టిన.

లచ్చవ్వ అన్నది, "నిమ్మకాయేదే? తొక్కియ్యకుంటె దిష్టెట్ల పోతది?"

"లచ్చవ్వా, గిది జానెడు కూడ లేదే."

"బండి బండే. దుబాయ్ బండికి దిష్టి ఇంక ఎక్కువ."

ఇంట్ల ఉన్నదాంట్ల చిన్న నిమ్మకాయ ఏరి పెట్టిన. కారు ముందట అది గుట్ట లెక్క కూసున్నది. కారును నూకిన. చక్రాలు తిరగలే. గోందు!

"ఎత్తి మీద పెట్టి ఒత్తు," అన్నది లచ్చవ్వ.

"ఒత్తుతనే ఉన్న."

"గట్టిగొత్తవే, బువ్వ తినలేదా?"

తిన్న. అదే తప్పయింది. కటుక్కుమన్నది.

నాలుగు చక్రాలు నాలుగు దిక్కులు పోయినయ్. కారు నడుమల ఇరిగింది. నిమ్మకాయకు గీత కూడ పడలే. కంది గింజలు రెండు ఎగిరి వాకిట్ల పడ్డయ్. అప్పటిదాంక లేని కోడి ఏడికెల్లి ఉరికొచ్చిందో, ఒక గింజను మింగింది. మింగింది ఆయననో నన్నో నేను చూసుకోలే.

లచ్చవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకొని, "పోనీ తియ్, దిష్టి మాత్రం పోయింది," అన్నది.

ముక్కలన్ని మల్ల డబ్బాల ఏసి, తెగిన దారాన్నే ముడేసి కట్టి సెల్ఫ్ మీద పెట్టిన. ఆర్నెల్లు దాని దిక్కు చూడలే.

ఆయన వచ్చిండు. వచ్చిన తెల్లారే చేతులు కడుక్కొని చాప పరిచిండు. "ఇగ రా, చేద్దాం," అన్నడు. నేను చాప కొసకు కూసున్న. దారం ఇప్పిండు. ముందటి ముక్క తీసిండు. ఎర్ర రంగు. దాని మీద కుంకుమ బొట్టు.

"ఏందే, కంపెనోళ్లు బొట్టు పెట్టి పంపిండ్రా?"

"ఏమో మరి. భక్తి ఎక్కువున్నోళ్లేమో."

ఆయన వాసన చూసిండు. "పసుపు కూడ పూసిండ్రు."

వంటింట్లకెల్లి అత్తమ్మ ఆగలేకపోయింది. "కొబ్బరికాయ కూడ కొట్టిండ్రు బిడ్డా, చిప్పలు నేనే పచ్చడి నూరిన!"

ఆయన నవ్వలే. ముక్కలు చూసుకుంట మెల్లగ అన్నడు, "నేనొచ్చినంక చేద్దామన్న కదా."

"నువ్వు రాలే కదా," అన్న.

అంటి గని, నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్డది. మల్ల ఆయన ఒక చక్రం తీసి నా చేతిల పెట్టిండు. "పట్టుకో. గోందు తక్కువ పెడ్త సూడు."

నెల దినాలు పట్టింది. ఆయన చెప్పినట్టే, చేతిల పనుంటే మాటలు అవే వచ్చినయ్. దుబాయ్ల ఒక్క గదిల ఎనిమిది మందంట, రాత్రి ఎవరి గోడ దిక్కు వాళ్లు తిరిగి పండుకుంటరంట. కారు నిలవడ్డది గని ఒక చక్రం వంకర. పోయే దినం ఆయనే రెండు కొత్త కంది గింజలు సీట్ల పెట్టి, "కోడిని కట్టేయి," అన్నడు. పోయిండు.

ఇగ ఒట్టు. గా రెండు గింజల మీద ఒట్టేసి చెప్తున్న. నా బతుకుల ఇంకో బండికి నిమ్మకాయ పెట్ట. లారీ కొన్నా పెట్ట. డబ్బా పంపితే ముట్ట, వాసన కూడ చూడ. గిదే క్యాసెట్ల చెప్పి పంపిన. నేనొక్కదాన్నే ఒట్టెయ్యాల్నా? నాలుగు నెలలంటే నాలుగు నెలలకే వస్తనని నువ్వు కూడ ఒట్టెయ్యుమన్న.

జవాబు క్యాసెట్ వచ్చింది. ఒట్టు ముచ్చట కాడికి రాంగనే ఆయన దగ్గిండు. ఎనకకు తిప్పి తిప్పి ఇన్న. దగ్గొక్కటే ఉన్నది.