ఈక గాలం

మొన్న వన్ టౌన్ చేపల బజారులో ఒకామె కొర్రమీను చేతిలోంచి జారిపోకుండా బూడిద పులుముతోంది. తడి బూడిద వాసన తగలగానే నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. దానియేలు గారు పోయి అప్పటికి పదకొండు రోజులు.

డెబ్బైల్లో నేను గుమాస్తాగా చేరిన ఆఫీసుకు ఆయన హెడ్ క్లర్కు. ఇల్లు భవానీపురంలో. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం సైకిళ్ల మీద బ్యారేజీ దాటి, మంగళగిరి దారిలో ఒక మడుగుకు వెళ్లేవాళ్లం. అందరూ గాలానికి వానపామును గుచ్చితే, ఆయన కోడి మెడ ఈకలు దారంతో కట్టేవారు. విసిరి మెల్లగా లాగితే అది నీటి మీద కప్పపిల్లలా గెంతేది. "చేపను మోసం చెయ్యొచ్చు గానీ తొందరపెట్టకూడదయ్యా మూర్తీ," అనేవారు. ఆ తర్వాత గంటల తరబడి మాటలుండేవి కావు. గట్టున జమ్ము ఊగేది, మబ్బులు నీళ్లలో నడిచేవి. నేను మెలకువగా ఉన్నానో లేదో నాకే తెలిసేది కాదు.

తొలకరిలో మాత్రం ఆయనకొక నియమం ఉండేది. అది కొర్రమీను పిల్లల్ని పెట్టే కాలం. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి తేలి గాలి పీలుస్తుంటే, ఆ ఒక్కచోటే చినుకులు పడుతున్నట్టుంటుంది. వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది.

"అక్కడ వెయ్యకు. అది తినడానికి రాదు, కొట్టడానికొస్తుంది."

ఒక ఏడు ఆ కాలంలోనే ఆయన భార్య కరుణమ్మ గారికి ఆపరేషన్ అయింది. ముద్ద దిగేది కాదు. మనిషి మంచానికి అతుక్కుపోయింది. కొర్రమీను పులుసైతే తింటానంది. వానలకు బజారులో దొరకలేదు. ఆ ఆదివారం మడుగులోనూ ఏమీ పడలేదు. ఆయన టీ తాగొస్తానని గట్టెక్కారు. చినుకుల చోటు నాకు ఎదురుగానే ఉంది. వేశాను. ఒక్క దెబ్బకు తగులుకుంది.

తిరిగొచ్చి, "పిల్లలున్నాయా?" అని అడిగారు.

"లేవండీ," అన్నాను.

ఆయన చాలాసేపు చేపనే చూసి, సంచిలోని బూడిద పులిమి, తడిగుడ్డలో చుట్టారు.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాం. అమ్మగారికెలా ఉందని అడిగాను.

"లేచి కూచుందయ్యా. ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది కూడా." నవ్వారు. ఈకల దారం బిగిస్తూ అన్నారు: "కోసింది నేనే, మూర్తీ. దాని కడుపులో ఏమీ లేదు. పిల్లల్ని కాచే చేప తిండి మానేస్తుంది."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. "మళ్లీ నన్ను అడగలేదేమండీ?"

"అడిగితే నిజం చెప్పేవాడివి. అప్పుడు నేను వండగలిగేవాణ్ణి కాదు."

సంచిలోంచి కటింగ్ ప్లయరు తీసి గాలం కొక్కెం తుంచేశారు. ఒట్టి ఈకలు నా చేతికిచ్చి, పిల్లల గుంపు వైపు చూపించారు. "ఇప్పుడు వెయ్యి."

జంటలో మిగిలిన చేప పైకి దూసుకొచ్చి ఈకను కొట్టింది, వదిలింది, తిరిగి పిల్లల కిందికి పోయింది. మూడుసార్లు వేయించారు. మూడోసారి వేశాక దారం చుట్టేశాను. సాయంత్రం దాకా నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా కౌంటరు వెనక పనిచేశాను. ఎవరైనా నా మీద విరుచుకుపడితే, జవాబు చెప్పేముందు, అతని వెనక ఎవరున్నారోనని చూసేవాణ్ణి. ఉద్యోగం అయిపోయింది. ఆ అలవాటు పోలేదు.