సారె పెట్టిన కప్పు

గోడ అవతల బంతి చప్పుడు విని ఆటో ఆపేశాను. ఆదోనిలో, గ్రౌండు పక్క రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం. వెనక కూర్చున్న పెద్దమ్మ "బండి చెడిపాయనా నాయనా?" అని అడుగుతోంది. బండికేం, బాగానే ఉంది. చెడింది నా మనసు. అవతల ఆడుతున్నది బాల్ బ్యాడ్మింటన్. ఈకల కాక్ కాదు, పసుపుపచ్చ ఉన్ని బంతితో ఆడే ఆట. వలకు ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. కొత్త బంతి బ్యాటుకు తగిలితే ఠంగుమంటుంది. ఆడీ ఆడీ ఉన్ని వదులైన బంతి, తడి దిండును కొట్టినట్టు దబ్బుమంటుంది. నాకు ఒక సర్వీసులో అన్నీ ఠంగులే వినిపించాయి, తర్వాతి సర్వీసులో అన్నీ దబ్బులు, మళ్లీ ఠంగులు. ఒకే ఆటలో రెండు బంతులు. ఆ దొంగ ఎవడో తెలియదు గానీ, ఆ విద్యలో వాడికి నేను సీనియర్ని.

దస్తగిరన్న ఉండి ఉంటే గోడ దూకి ఆట ఆపేవాడు. ఆయన పరుపులు కుట్టేవాడు. దూది ఏకి ఏకి ఆయన వేళ్లకు కళ్లు వచ్చాయని అనుకునేవాళ్లం. మా క్లబ్బుకు ఆయనే కెప్టెన్. ఏడో తరగతిలో చదువు నన్ను వదిలేసింది, నేనూ బతిమాలలేదు. జిన్నింగ్ మిల్లులో దూది బేళ్లు మోసి మోసి, ఇరవై ఏళ్లప్పుడు ఆ గ్రౌండుకు చేరాను. మొదటి రోజు నేను బంతిని పాముని కొట్టినట్టు కొడుతుంటే పిలిచి, కళ్లు మూసుకోమని, రెండు చేతుల్లో రెండు బంతులు పెట్టాడు.

"ఏది ముసలిది?"

"ఎడమ చేతిలోదన్నా. మా మేస్త్రీ పొట్ట మాదిరి మెత్తగుండాది."

ఆయన పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు: "మెత్తది గాల్లో నిలబడతాది, గట్టిది దూసుకపోతాది. ఏదైనా పర్వాలేదు. రెండు పక్కలోళ్లకూ ఒకటే ఉండల్ల. అది ల్యాకపోతే ఇది ఆటే కాదు."

బంతి పాడైతే అంపైరు మారుస్తాడు, రూలు అంతే. దస్తగిరన్న దానికి తన రూలు ఒకటి కలిపాడు. కొత్త బంతిని ముందు అవతలి కెప్టెన్ చేతిలో పెట్టి "ఒత్తి సూసుకోప్పా" అనేవాడు. వాడు ఒత్తి సరేనన్నాకే సర్వీసు. పక్క ఊళ్ల వాళ్లు సంతలో వంకాయలు ఏరుకున్నట్టుందని వెక్కిరించేవాళ్లు. ఆయన మాత్రం చెయ్యి చాచే నిలబడేవాడు.

పదేళ్ల కింద ఎమ్మిగనూరులో ఫైనల్. అవతల ఆ ఊరి క్లబ్బే. దానికి మూడు నెలల ముందే దస్తగిరన్న తన కూతురు హుసేన్‌బీని ఆ ఊరికి ఇచ్చాడు. ఆట మొదలయ్యే ముందు మా క్లబ్బు సెక్రటరీ నన్ను పక్కకు పిలిచి ఒక పాత బంతి నా జేబులో తోశాడు. "వాళ్ల సర్వీసుకు ఇది పోవల్ల, మన సర్వీసుకు కొత్తది. నీ చేతులు సురుకు గదప్పా" అన్నాడు. పొగిడితే నేను బావిలో కూడా దూకే రకం. బంతి బయటికి దొర్లిన ప్రతిసారీ పరుగెత్తి తెచ్చేవాణ్ని, వచ్చేలోపు మార్చేసేవాణ్ని. మూడో గేములో ఇంకో రెండు పాయింట్లయితే కప్పు మాదే. సర్వీసు దస్తగిరన్నది. బంతి అందుకున్నాడు, ఒత్తాడు, ఆగిపోయాడు. వాళ్ల సర్వీసుకు దబ్బుమన్న బంతి ఇప్పుడు చేతిలో గట్టిగా ఉంది.

నేరుగా అంపైరు దగ్గరికి పోయాడు. "బంతి మారింది సార్. మార్చింది మా పక్కే. మేం ఓడిపోయినట్టు రాసుకోండి."

"మార్చింది ఎవరు?"

ఆయన నావైపు చూడలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "కెప్టెన్ను నేను. నేనే అని రాసుకోండి" అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో, మేమంతా వెనక. సెక్రటరీ మొహం కందగడ్డ. ఎవడైనా 'అసలు మార్చింది ఎవడ్రా?' అని అడుగుతాడేమోనని నా భయం. భయమేస్తే నా నోరు ఊరుకోదు, జోకు కక్కుతుంది. "ఏం చేస్తాడప్పా, వియ్యంకుల ఊరాయె! కూతురికి సారె తక్కువైందని కప్పు గూడా పెట్టి పంపినాడు!" అన్నాను. బస్సు బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. దిగేటప్పుడు దస్తగిరన్న నా భుజం తట్టి "బాగా సెప్తావురా" అన్నాడు, అంతే.

ఆ మాట నాకంటే ముందే ఆదోని చేరింది. వారం తిరిగేసరికి ఆయన పేరు 'సారె దస్తగిరి'. క్లబ్బు నుంచి తీసేశారు. పరుపు కుట్టించుకోను వచ్చినవాడు కూడా "మాకూ ఏమన్నా సారె పెడ్తావా?" అనేవాడు. ఆయన మళ్లీ గ్రౌండులో అడుగు పెట్టలేదు. నేను మాత్రం రోజూ పోయాను, ఆడాను, నవ్వించాను. సిగ్గనేది ఒకటుంటుందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే తరిమేశాను.

ఆయన పోయి రెండేళ్లు. ఈ మధ్య అదే క్లబ్బు ఆయన పేరు మీద పోటీలు పెట్టింది. ఫొటోకు దండ. అదే సెక్రటరీ మైకు పట్టుకుని "నీతికి మారుపేరు మా దస్తగిరన్న" అంటుంటే నాకు ఒళ్లు మండింది. తర్వాత "మన జోకరు రెండు ముక్కలు సెప్తాడు" అని మైకు నాకిచ్చాడు. చెప్పాను. బంతి మార్చింది నేను, ఇచ్చింది ఈయన, సారె మాట పుట్టించింది నేను, అది పచ్చి అబద్ధం అని గొంతు చించుకున్నాను. నవ్వారు! సెక్రటరీ అందరికంటే గట్టిగా, కడుపు పట్టుకుని నవ్వాడు. ముందు వరసలో ఎవడో "ఒన్స్ మోర్" అన్నాడు.

మర్నాడే ఎమ్మిగనూరు పోయి హుసేన్‌బీకి చెప్పాను. ఆమె నాకు పీట వేసి, ఎదురుగా కూర్చుంది.

"ఆ మాట మా అత్త ఇప్పటికీ అంటాదన్నా. ఇంట్లో గంటె కనపడకపోయినా, 'మీ నాయన పెట్టిన కప్పులో ఉండాదేమో సూడు' అంటాది."

ఆ మాట బస్సులో ఎట్లా పుట్టిందో నేను విడమరిచి చెబుతుంటే గడపలో కూర్చున్న ఆమె పిల్లలు కిసుక్కుమన్నారు. తెలియకుండానే నా చేతులు తిరిగాయి, కనుబొమలు ఎగిరాయి, పాత అలవాటు. ఆమె పిల్లల వైపు చూసి, నా వైపు చూసింది.

"ఎవురూ నగకుండా సెప్పన్నా, ఒక్కసారి."

అప్పటినుంచి అదే పనిలో ఉన్నాను. ఆటో స్టాండులో, మార్కెట్ యార్డు గేటు దగ్గర, టీ కొట్లో, వినేవాడు దొరికితే చాలు చెబుతున్నాను. చేతులు తొడల కింద పెట్టుకుని మరీ చెబుతున్నాను. సారె అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఎవడో ఒకడు నవ్వుతాడు. వాడి మొహం పగలగొట్టాలనిపిస్తుంది. పళ్లు బిగించి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాను.