ఫోమ్ చుట్టలు ఆనించిన తలుపు

మొన్న ఈ గల్ఫ్ ఊళ్ళో, అల్ సద్ పేటలో ఒక క్లినిక్‌లో కూర్చుని ఉండగా ఫైర్ డ్రిల్ బెల్లు మోగింది. అందరూ ఫోన్లు చూసుకుంటూ, నవ్వుకుంటూ మెట్లు దిగారు గానీ నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. నర్సు వచ్చి చెయ్యి పట్టుకొని దించింది. ఇండస్ట్రియల్ ఏరియా రేకుల షెడ్లలో పనిచేసిన నా వయసు వాళ్ళకు ఆ భయం గురించి చెప్పనక్కర్లేదు.

అప్పట్లో మా చిన్నాయన అక్కడ సోఫాల వర్క్‌షాప్ నడిపేవాడు. నేను కుట్టేవాణ్ణి, మా అక్క భర్త, బావ, వెనక గదిలో బట్ట కత్తిరించేవాడు, ఆయన కత్తెర పడితే గీత గీయకుండానే గుడ్డ తిన్నగా తెగేది. తనిఖీకి వచ్చిన సివిల్ డిఫెన్స్ అధికారి మంటలార్పే సిలిండర్లు పెట్టించి, వెనక తలుపుకు లోపలా బయటా ఏదీ అడ్డం ఉండకూడదని గట్టిగా చెప్పి వెళ్ళాడు. ఆ తలుపు బాధ్యత చిన్నాయన నాకు అప్పగించాడు. కొన్ని నెలలు శ్రద్ధగానే చూశాను. తీరా రంజాన్ వచ్చేసరికి, పండక్కి అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గదులకు కొత్త సోఫాలు కావాలని ఆర్డర్ల మీద ఆర్డర్లు వచ్చి, ఫోమ్ లారీ దిగితే పెట్టే చోటు లేక, రెండు రోజులే కదా అని చుట్టలన్నీ బయటివైపు ఆ తలుపుకే ఆనించాను.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు బోర్డులో నిప్పురవ్వ లేచింది. ఫోమ్ ఎంత వేగంగా అంటుకుంటుందో చూసినవాళ్ళకే తెలుసు. మేం ముందు తలుపు నుంచి బయటపడ్డాం గానీ, మంటలు అడ్డొచ్చి బావ వెనక గదిలోనే చిక్కుకున్నాడు. ఆయన వెనక తలుపు బాదుతున్న చప్పుడు విని, చుట్టూ తిరిగి పరుగెత్తి చుట్టలు లాగేసేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. బావ ప్రాణం దక్కింది గానీ, రెండు చేతులూ కాలిపోయి, వాటి వేళ్ళు ముడుచుకుపోయాయి.

అడ్డం ఎవరు పెట్టారని అధికారి అడిగితే, నేను నోరు తెరిచేలోపే చిన్నాయన తనే పెట్టించానని ఒప్పుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు లాగి, "అక్కకు ఎరుకైతే నీ మొఖం చూస్తదా రా? నోరు మూసుకో" అన్నాడు.

షెడ్డు మళ్ళీ లేవడానికి ఏడాది పట్టింది. కాలిన రేకులు మోశాం, పాత గిరాకీల ఇళ్ళకు వెళ్ళి చిరిగిన కుర్చీలు కుట్టాం. బావ ఊరికి వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో, ఊడిన చొక్కా గుండీ పెట్టమని నా ముందు నిలబడ్డాడు.

"నువ్వే పెట్టినవని నాకెరుకనే బామ్మర్దీ. నువ్వు చుట్టలు మోస్తుంటే చూసిన. తీయమని నేనన్నా అనలే. రెండు దినాలే గదా అనుకున్న."

ఆ గుండీ పెట్టడానికి నా వేళ్ళకు చాలాసేపు పట్టింది.

ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్ళినా పొగను కనిపెట్టే యంత్రాలు, ప్రతి తలుపునూ రోజూ చూశామని సంతకం పెట్టే కాగితాలు ఉన్నాయి. మంచిదే, మనుషులు బతుకుతారు. కాకపోతే ఆ కాగితం మీద ఎవరి పేరుంటే వాడొక్కడే తప్పుకు జవాబు చెప్పుకోవాలి. నా తప్పును నాతో పాటు మోసిన చిన్నాయన, బావ ఇద్దరూ చనిపోయారు. అక్కకు ఇవాళ్టికీ తెలియదు. మొయ్యడానికి నేనొక్కణ్ణే మిగిలాను.