వానతో రాయి నాయనా

మా ఇంగ్లీషు సారు పోయారు. ప్రొద్దుటూరులో అంగడి తెరుస్తుండగా ఫోనొచ్చింది. సగం ఎత్తిన షట్టరు దించేసి జమ్మలమడుగు బస్సెక్కాను.

పదో తరగతిలో మాకు 'ఇఫ్' వాక్యాలంటే హడలు. జరగనిదాన్ని జరిగినట్టు ఊహించి రాయాలి. సారు పుస్తకం మూసేసి, "మీ ఇండ్లల్లో దినామూ అనేదే కదప్పా. వానొచ్చింటే శెనక్కాయ పండేది. ఇంగ్లీషోడు గూడా అట్లే ఏడుస్తాడు" అన్నారు. వాన ముఖం చూడని ఊళ్ల పిల్లలం, పాఠం ఇట్టే పట్టేశాం. ఆయన ఉదాహరణలన్నీ వానవే. వానొచ్చుంటే మైలవరం డ్యాము నిండేది, వానొచ్చుంటే బడికి సెలవిచ్చేవాళ్లు. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, మరిచిపోయి, బల్లంతా వెతుక్కునేవారు.

నేనొక రోజు వేరే వాక్యం రాశాను. మా నాయన మోటారుసైకిలు ప్రమాదంలో పోయిన ఏడాది అది. ఆ రోజు బండి మీద పులివెందులకు పోకపోయుంటే నాయన బతికుండేవాడని రాశాను. సారు తప్పులేవీ దిద్దలేదు. బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు.

"వానతో రాయి నాయనా. మనుషులతో ఒద్దు. మనుషులతో రాస్తే ఆ మాట ఎప్పటికీ అయిపోదు."

అప్పుడు కోపమొచ్చింది. తర్వాత ఆ మాట పట్టుకునే బతికాను.

నేను చేరేసరికి సారు ఇంటి నిండా జనం. కడపకు తీసుకుపోయుంటే బతికేవారని ఒకాయన, ముందే టెస్టులు చేయించుంటే అని ఇంకొకాయన. పరామర్శకొచ్చిన నోళ్లు ఊరుకోవు కదా, తలా ఒకటి అని పోతున్నారు. సారు భార్య గోడకానుకుని అన్నీ వింటోంది. పొద్దున ఛాతీలో నొప్పంటూనే, గ్యాసేలే అని సారే అన్నారట. ఆమె జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చిందట.

నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పు నాయనా. నీళ్లు కాంచుకుంటా కూచోకుండా ఆటో పిలిచింటే, మీ సారు బతికుండునా?"

లేదమ్మా అనొచ్చు. నాకేం తెలుసు? సారు మాట నోటిదాకా వచ్చింది. ఆమెకు వాన గురించి ఏమని చెప్పను?

గడప బయట ఎవరో చెప్పులు విడిచారు. ఆమె నా చెయ్యి వదిలి, లోపలికొస్తున్న ఆయన వైపు తిరిగి, జీలకర్ర నీళ్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టింది.