పరశురాం గుర్రం

పోచన్న ఏ సంగతి ఎత్తుకున్నా అది చివరికి గుర్రం దగ్గరికే వచ్చి ఆగేది. పప్పులో ఉప్పు తక్కువైందని మొదలుపెట్టినా, ఊళ్లో ఉన్న భార్య శాంతవ్వ జాబు రాయలేదని మొదలుపెట్టినా అంతే. అదైనా మామూలు గుర్రమా అంటే కాదు, ఫ్రాన్స్ దేశంలో బండెడు బరువులు లాగే జాతి. జగిత్యాల పక్క పల్లెలో పుట్టి, ఒమాన్‌కు వచ్చి, అల్ సువైక్ ఖర్జూర తోటలో నీళ్లతొట్టి కట్టే మనిషికి దానితో ఏం చుట్టరికమో ఎవరికీ తెలియదు. జన్మలో ఒక్కదాన్నీ చూసింది లేదు.

అసలు తప్పు అజ్మత్‌ది. తొంభై ఒకటిలో ఒక దొర ఇంజినీరు ఊరికి వెళ్లిపోతూ పారేసిన చెత్తలో పోచన్నకు బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. రూమ్‌లో ఇంగ్లీషు కూడబలుక్కోగలిగినవాడు ప్రొద్దుటూరులో ఇంటర్ తప్పిన అజ్మత్ ఒక్కడే. నాలుగు శుక్రవారాలు కూర్చుని తొంభై ఆరు పేజీలూ చదివి చెప్పాడు. అయిదో శుక్రవారం నుంచి పోచన్న తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

“గా గుర్రం పేరు పరశురాం.”

“పెర్షెరాన్, చిచ్చా.”

“నేనేమన్న? గదే. పరశురాం.”

ఒక్కోటి టన్ను బరువు, అంటే ఇరవై సిమెంటు బస్తాలు. బూడిద రంగు ఒళ్లు. మోటార్లు రాకముందు పారిస్ వీధుల్లో జనంతో కిక్కిరిసిన బస్సుల్ని లాగింది, పెద్ద యుద్ధంలో ఫిరంగుల్ని లాగింది, మిగతా రోజుల్లో పొలాలు దున్నింది. అంత ఒళ్లుండీ కోపం లేదు. పక్కన ఫిరంగి పేలినా చెవి కదిలించి ఊరుకుంటుంది. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. పోచన్న చెబుతుంటే మాత్రం, సముద్రపు తేమగాలికి ఎండ పొగలా వణికే ఆ తోటలో, చెట్ల వరుసల నడుమ బూడిదరంగు గుర్రం ఒకటి తలూపుకుంటూ వస్తున్నట్టే ఉండేది. దాని గిట్టల చప్పుడు పంపుసెట్టు చప్పుడులో కలిసిపోయేది. చేతిలో సిమెంటు బ్లాకు చేతిలోనే ఉండగా మనుషులు అటే చూస్తూ నిలబడిపోయేవారు.

“సాలు కొసకు రాంగనే పరశురాం ఆగుతది. రైతు చుట్ట కాల్చేదాంక కదలదు.”

“ఆ మాట పుస్తకంలో ల్యాదు.”

“నువ్వు సక్కగ సదువలేదు, తమ్మీ.”

శ్రమ పవిత్రమని చెప్పేవాళ్లు సాధారణంగా బస్తా మోసినవాళ్లు కారు. అజ్మత్ మోశాడు. రెండు వారాల కిందట నడుములో ఏదో కలుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నారంటే వీసా కాన్సిల్. వచ్చి ఎనిమిది నెలలే అయింది. పళ్లు బిగబట్టి మోస్తున్నాడు. దానికి తోడు చిచ్చా పోరొకటి. సరిగ్గా ఆ రెండు వారాల్లోనే పూటకొక గుర్రం కథ పోయి గంటకొకటి అయింది. నాలుగు బస్తాలు మోసేసరికి పరశురాం నీళ్లు తాగడానికి ఆగేది. మరో నాలుగింటికి దాని లాడం ఊడేది.

“లాడం ఊడేది పుస్తకంలో యాడుంది చిచ్చా?” అని గోడకు ఆనుకుని, ఊపిరి పీల్చుకుంటూ విసుక్కునేవాడు అజ్మత్.

ఒకరోజు పదకొండింటికి, బస్తా ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అప్పుడే పికప్ వచ్చి ఆగింది. ఫోర్‌మన్ ఇస్రార్, తోట సొంతదారు అర్బాబ్ దిగారు.

“క్యా రే, ఏమైంది వానికి?” అన్నాడు ఇస్రార్.

పోచన్న అడ్డం వచ్చాడు. “ఏం గాలే భాయ్. పరశురాం గుర్రం బండికి ఎట్ల వంగుతదో సూపెడుతుండు.”

“ఏ గుర్రం?” అన్నాడు అర్బాబ్ హిందీలో. ఇంట్లో అరబ్బీ గుర్రాన్ని పిల్లల కంటే ముద్దుగా పెంచుకుంటున్న మనిషి.

పోచన్న వచ్చీరాని హిందీలో అందుకున్నాడు. ఆ హిందీని విప్పి చెబితే ఇది: “మీ గుర్రానికి మేనల్లుడు, అర్బాబ్. వెయ్యేండ్ల కింద మీ గుర్రాలు గా దేశం వోయినయట. గదే నెత్తురు. గంత బలమున్నా, నెల దినాలు బరువు గుంజితే ఇంకో నెల నీళ్లు తోడే పనికే వెడ్తరు. లేకుంటే నడుం పోతది.”

నడుం. ఆ మాట అజ్మత్ ఎవరితోనూ అనలేదు. లాడం ఊడిన ప్రతిసారీ తాను ఎక్కడ ఉన్నాడో ఒక్కసారిగా గుర్తొచ్చింది. గోడకు ఆనుకుని ఉన్నాడు.

ఇస్రార్ అజ్మత్ వైపు తిరిగాడు. “చదివినోడివి నువ్వు. నిజం చెప్పు, పుస్తకంలో ఉందా ఇది?”

అజ్మత్ వీలైనంత నిటారుగా నిలబడ్డాడు. “ఉంది భాయ్. నూట పన్నెండో పేజీలో.”

అర్బాబ్ గడ్డం నిమురుకున్నాడు. తన గుర్రం మేనల్లుడి మాట తీసెయ్యలేకపోయాడు. ఈ నెలంతా ఇతన్ని పంపుసెట్టు దగ్గర పెట్టమని ఇస్రార్‌కు చెప్పి పికప్ ఎక్కాడు.

పంపుసెట్టు నీడలో కూర్చున్న అజ్మత్‌కు, చెట్ల వరుస కొసన బూడిదరంగుగా ఏదో ఆగి దమ్ము తీసుకుంటున్నట్టు కనిపించింది.

“అవ్‌రా,” అన్నాడు పోచన్న దగ్గరికి వచ్చి, “పుస్తకం మొత్తం తొంభై ఆరు పేజీలే గద?”

“మిగిలిన పదారూ నువ్వు రాసినవే గదా చిచ్చా.”

“గిప్పుడు సక్కగ సదివినవ్,” అంటూ పోచన్న అజ్మత్ వదిలేసిన బస్తా భుజానికెత్తుకున్నాడు.